నీలం ముద్ర

“కొండని తొలిచి, దాని అడుగున పెట్టేరంటే నమ్మవేట్రా!” అంటూ వెంకటరమణ గ్లాసుని బల్ల మీద ఠప్పున పెట్టేసరికి సగం టీ ఒలికిపోయింది. తలుపులమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. ఆయన ఇంకోటి అడుగుతాడని తెలిసి పాలగిన్నె మళ్ళీ పొయ్యి మీదకెక్కించింది.

బెల్లం మార్కెట్ వెనక సందులో, స్కూలు గోడకి ఆనుకుని ఉంది వాళ్ళ కొట్టు. పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం ఎగ్ బోండా, టీ ఎప్పుడంటే అప్పుడు. పిండి, నూనె భర్త త్రినాధరావు చూసుకుంటాడు. టీ తలుపులమ్మది. గోడకి బిగించిన చిన్న టీవీ బడులు తెరిచిన దగ్గర్నుంచీ ఇరాన్ యుద్ధమే చూపిస్తోంది. ముందురోజు పెద్ద విమానాలొచ్చి వేసిన బాంబులు కొండలోపలికి ఎంత లోతుకి దిగుతాయో బొమ్మ గీసి మరీ చెబుతున్నారు.

“కొండలో ఏటున్నాదో ఎతికినోలే తేల్చలేదు కదా మావా,” అన్నాడు తిమోతి. అతని ఆటో కొట్టు ముందే ఆగి ఉంది. బేరం లేనప్పుడు అతను బల్ల మీదుంటాడు. “ఆ ఇనస్పెట్టర్ల పెద్దాయన, అణుబాంబు తయారు సేత్తన్నారనడానికి మా దగ్గర రుజువు లేదన్నాడంట. మొన్న వార్తల్లో సెప్పేరు.”

“దొరకలేదంటే దాచీసేరని అర్థం. దొరికిపోతే ఇంక దాచడవేటి?”

“అలాగైతే నీ ఇంట్లో ఏనుగున్నాదంటాను నేను.”

“ఏటీ?”

“ఏనుగు. నలుగురొచ్చి ఎతుకుతారు. ఉండదు. సూసేరా, ఎంత బాగా దాచీసేడో అంటాను. అప్పుడేటి సేత్తావు?”

బోండాల పిండి కలుపుతున్న త్రినాధరావు నవ్వాడు. “ఏనుగుంటే పేడుంటాది కద బావ.”

“పేడ కూడా దాచీసేడంటాను.”

బల్ల మీదవాళ్ళు నవ్వారు. వెంకటరమణకి నవ్వు రాలేదు. చెరుకు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. మనవడు ఈ స్కూల్లోనే చదువుతున్నాడు కాబట్టి తల్లిదండ్రుల కమిటీకి ఆయనే చైర్మన్. “ఏమ్మా తలుపులూ, నువ్వు సెప్పు,” అన్నాడు.

తలుపులమ్మ టీ వడగడుతూ ఒక్క క్షణం ఆలోచించింది. తొమ్మిదిలో బడి మానేసిన తనని ఇలాంటి విషయం మీద అడిగేవాడు ఆయనొక్కడే. “ఏదో ఉండే ఉంటాది బాబాయ్. ఏటీ లేకండా అంతంత ఇమానాలు ఊరికే పంపుతారేటి?”

“అదీ!” వెంకటరమణ తొడ చరిచాడు. “టీ కాసుకునే పిల్లకున్న తెలివి కువైటెల్లొచ్చినోడికి లేదు.”

“కువైటెల్లేను కాబట్టే సెప్తన్నాను,” అన్నాడు తిమోతి. ఈసారి అతను నవ్వలేదు. “పక్కన ఇరాక్ మీద పడ్డప్పుడు నేనక్కడ నీళ్ళ ట్యాంకరు తోలేవాణ్ణి. అప్పుడూ ఇదే మాట. దాచీసేరు, దాచీసేరు. ఇనస్పెట్టర్లు ఇంకొంచెం టైమడిగేరు. ఆలని బయటికి పంపించీసి మరీ ఏసేరు బాంబులు. తరవాత ఇసకంతా తవ్వేరు. ఏటి దొరికింది?”

ఇంతలో సందు మొదట్లో స్వర్ణకుమారి కనిపించింది. స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం వండి పెట్టే మనిషి. భుజం మీద తలుపులమ్మ కొడుకు లోహిత్ తల వేలాడేసి ఉన్నాడు. ఆవిడ చీర ముందంతా వాంతే.

“కంగారుపడకు. రెండుసార్లు కక్కేడు. మొహం కడిగేను,” అంటూ పిల్లాణ్ణి అందించింది స్వర్ణకుమారి. “మజ్జిగలో ఉప్పేసి కొంచెం కొంచెం పట్టు. పొయ్యి మీద గిన్నెలున్నాయి, నేనెల్లాలి.”

తలుపులమ్మకి ఆ మాటలు సగమే వినపడ్డాయి. పిల్లాడి ఒళ్ళు చల్లగా చెమట పట్టి ఉంది. వాడికి తుమ్మొచ్చినా ఆమెకి అన్నం దిగదు. ఎత్తుకుని కొట్టు వెనక ఇంట్లోకి పరుగెత్తింది. వాకిట్లో అత్త అప్పలకొండమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. గోడవార గంపలో కోడిపెట్ట పొదుగు మీద ఉంది. కొత్త మనిషి అలికిడైతే చాలు, ఈకలన్నీ లేపి గుర్రుమంటుంది. ఉరుముకి గుడ్లు చెడకుండా గంపలో ఇనపముక్క, బొగ్గు పెట్టింది అప్పలకొండమ్మ. పిల్లలయ్యేదాకా ఆ గంప దరికి ఎవరూ పోకూడదని, చెయ్యి తగిలితే గుడ్లు మురిగిపోతాయని ఇంటిల్లిపాదికీ ఆవిడ ఆజ్ఞ.

పిల్లాడు మజ్జిగ తాగి కునుకు తీశాక, వాడి బ్యాగులోంచి ఏదో కుళ్ళిన వాసన రావడం తలుపులమ్మ గమనించింది. పుస్తకాలు బయటికి లాగింది. బ్యాగు అడుగున సగం కొరికిన ఉడికిన గుడ్డు. పచ్చసొన చుట్టూ నల్లటి ఆకుపచ్చ. అంటుకునున్న పెంకు మీద ముద్ర. నీలం.

ఆమె కళ్ళు అక్కడే ఆగిపోయాయి. స్కూలుకొచ్చే గుడ్ల మీద రంగు ముద్రలుంటాయి. సరుకొచ్చినప్పుడల్లా రంగు మారుతుంది, పాతవి కలిపి పెట్టకుండా. బడి తెరిచిన వారం నీలం. ఇప్పుడొచ్చింది గులాబి. నిన్నగాక మొన్న లోహితే గులాబి పెంకు గోడకి అంటించి చూపించాడు.

వాణ్ణి లేపింది. “బళ్ళో గుడ్డేనా ఇది?”

వాడు నిద్రకళ్ళతో తలూపాడు.

“సొర్ణత్త పెట్టిందేనా? నిజం సెప్పు.”

మళ్ళీ తలూపాడు. వాడి కళ్ళు గుడ్డు మీదా లేవు, తల్లి మీదా లేవు. వాకిలి వైపున్నాయి. తలుపులమ్మ అది చూసింది. చూసి, భయపడ్డాడనుకుంది.

ఆ సగం గుడ్డుని కాగితంలో పెట్టుకుని కొట్టులోకొచ్చేసరికి వెంకటరమణ ఇంకా అక్కడే ఉన్నాడు. కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని వెలుగులోకి తిప్పి పట్టుకున్నాడు.

“కొత్త గుడ్లు బయటికి పోతన్నాయన్నమాట. పాతవి ఇంట్లో దాచి పిల్లల నోట్లో పెడతంది,” అన్నాడు మెల్లగా. టీవీలో బొమ్మలోని కొండ మీద ఎర్ర గుండ్రం వెలిగి ఆరుతోంది.

మర్నాడు పొద్దున్నే స్వర్ణకుమారి ఇంటికి నలుగురు వెళ్ళారు. వెంకటరమణ, ఆయన తమ్ముడి భార్య కుమారి, హెడ్మాస్టర్ దేవీప్రసాద్, తలుపులమ్మ. చెప్పకుండా వెళ్ళాలని వెంకటరమణ పట్టు. అసలు ఇంటికి వెళ్ళడమే బాగోదని దేవీప్రసాద్ సణిగాడు గానీ, ముందు నడిచేవాళ్ళ వెనక నడిచాడు. వెతకడం మాత్రం తలుపులమ్మ చెయ్యాలన్నారు. “జబ్బు పడింది నీ కొడుకు. నీ కళ్ళు ఊరుకోవు,” అన్నాడు వెంకటరమణ.

ఒకటే గది, రేకుల కప్పు. స్వర్ణకుమారి తల దువ్వుకుంటోంది. గుమ్మంలో నలుగుర్నీ చూసి దువ్వెన జుట్టులోనే ఉంచేసింది. సంగతి వెంకటరమణ చెప్పాడు. ఆవిడ తలుపులమ్మ వైపు చూసి, “బాబుకెలాగున్నాది?” అంది.

“బాగానే ఉన్నాడు,” అంది తలుపులమ్మ.

“సూసుకోండి అయితే.”

ఆవిడే అన్నీ తెరిచింది. అడక్కముందే బియ్యం డబ్బా మూత తీసింది. పప్పుల డబ్బాలు వరసగా చాపమీద పెట్టింది. రేకు పెట్టె తెరిచి చీరలు ఒక్కొక్కటే దులిపింది. మంచం మీద పరుపు చుట్టేసింది. తలుపులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందకి వంగితే, స్వర్ణకుమారి ఫోన్ లైటు వేసి పట్టుకుంది, బాగా కనపడాలని. మంచం కింద పాత చెప్పులు, ఎలకల బోను, ఒక ఇత్తడి గిన్నె. కుమారి గోడకి తగిలించిన బైబిలు సంచీ వైపు వేలు చూపించింది. స్వర్ణకుమారి దాన్ని దించి, బైబిలు తీసి గుండెకి ఆనించుకుని, ఖాళీ సంచీని తిరగేసి చూపించింది.

గుడ్డు కాదు గదా, పెంకు కూడా లేదు.

బయటికొచ్చాక సందు మలుపులో నలుగురూ ఆగారు. “లేవు బాబాయ్,” అంది తలుపులమ్మ.

“ఎలాగుంటాయి? ముందే తెలిసిపోయింటాది.”

“మనం సెప్పకండా కదా ఎల్లేం.”

“అందుకే మరీ అనుమానం నాకు,” అన్నాడాయన. “వంట సేసుకునే ఇంట్లో ఒక్క గుడ్డు పెంకైనా ఉండదేటి? అంత సుబ్బరంగా ఉన్నాదంటే, కావాలని సుబ్బరం సేసినట్టు.”

కుమారి అవునన్నట్టు తలాడించింది. దేవీప్రసాద్ వాచీ చూసుకున్నాడు. దొరికుంటే తప్పు, దొరక్కపోతే ఇంకా పెద్ద తప్పు. ఇదెలాగా అని తలుపులమ్మకి అనిపించింది.

ఆ రోజు మధ్యాహ్నం స్కూలు వంటగదికి కూడా ఆమెనే పంపారు. రోజూ ఒక తల్లి వచ్చి అన్నం రుచి చూడాలన్న పద్ధతి ఉండనే ఉంది. వంటగదంటే వరండా చివర సిమెంటు పొయ్యిలు, ఒక ఇనప అలమార. స్వర్ణకుమారి అట్టల్లోంచి గుడ్లు తీసి ఒక్కొక్కటీ నీళ్ళ బకెట్లో వేస్తోంది. మునిగినవి గిన్నెలోకి. తేలిన ఒక్కదాన్నీ తీసి, చెవి దగ్గర ఊపి, చెత్తబుట్టలో వేసింది. గిన్నెలో ఉప్పు చల్లింది, ఉడికేటప్పుడు పగలకుండా. అన్ని ముద్రలూ గులాబియే. తలుపులమ్మ అలమార తెరిచింది. నూనె, పప్పు, చిక్కీల అట్టపెట్టె. దాని వెనక్కి చెయ్యి పెట్టి తడిమింది. అలమారకీ గోడకీ మధ్య సందులోకి తొంగి చూసింది. బల్లి ఒకటి పరుగెత్తింది.

“రోజూ నీళ్ళలో ఏత్తావా అక్కా?”

“ఏత్తాను.”

“మరి ఆ నీలం గుడ్డు?”

స్వర్ణకుమారి చెయ్యి నీళ్ళలోనే ఆగింది. “నాకూ అదే తెల్డం లేదు తలుపులూ. రేతిరి నిద్దర్లో కూడా అదే. నీలం గుడ్లు అయిపోయిన్నాడు అట్టలు నేనే కాల్చేను. నేను పెట్టలేదు. పెట్టలేదని ఎలాగ సూపించను? లేనిదాన్ని ఎలాగ సూపించడం?”

తలుపులమ్మకి తిమోతి ఏనుగు గుర్తొచ్చింది.

“పాడు గుడ్లేవీ లేవు సార్. ఇంట్లోనూ లేవు, ఇక్కడా లేవు,” అని దేవీప్రసాద్‌కి చెప్పింది, వెంకటరమణ వినేలా. ఆ మాట చెప్పడానికి గుండె గట్టి చేసుకుంది. అదో పెద్ద పరీక్ష గట్టెక్కినట్టనిపించింది. ఇంక అయిపోతుందనుకుంది.

అవలేదు. సాయంత్రానికి యుద్ధం ఆగిందని టీవీలో చెప్పారు. కొట్టు దగ్గర వాదన మాత్రం ఆగలేదు.

“ఆగిందా? మరి ఆ సరుకేదీ?” అన్నాడు తిమోతి. “కొండ బద్దలుకొట్టేరు కదా. ఉన్నాదా, లేదా?”

“ముందే లారీలకెత్తి మార్చీసేరట,” అన్నాడు వెంకటరమణ. “బాంబులేస్తారని తెలిసిపోయి.”

“అయితే బాంబులెందుకేసినట్టు?”

“దాచేరు కాబట్టి.”

“ఎక్కడ?”

“అదే తెల్డం లేదు కదరా! తెలీకండా దాచేరు కాబట్టే!”

తిమోతి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. “పోనీ ఆ ఇనస్పెట్టర్లని మళ్ళీ లోపలికెల్లి సూడమను.”

“ఆలని మాత్రం నమ్మాలేటి? సూడ్డానికెల్లినోడికి కాఫీ ఇస్తారు, కుర్చీ ఏస్తారు. తిరిగొచ్చి ఏటీ లేదంటాడు. ఆడికి ఆలిచ్చిందేటో ఎవడికి తెలుసు?” వెంకటరమణ బోండా మధ్యకి విరిచి లోపలి గుడ్డుని చూశాడు. తరవాత తలుపులమ్మని చూశాడు. నవ్వుతూనే అన్నాడు. “ఏమ్మా, బోండాలో గుడ్లు ఈమధ్య పెద్దవిగా ఉంటన్నాయి. ఎక్కడ తెత్తన్నారేటి?”

బల్ల మీద ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నూనెలో గరిట తిప్పుతున్న త్రినాధరావు చెయ్యి ఆగింది. “మార్కెట్లో తెత్తన్నాం బాబాయ్. ముద్రలుండవు దాని మీద. కావలిస్తే అట్టలు సూపిత్తాను,” అన్నాడు.

“అబ్బే, సరదాకన్నాన్రా. సూపించక్కర్లేదు.”

“సూపించక్కర్లేదు. సూపించినా నమ్మక్కర్లేదు,” అన్నాడు తిమోతి.

“నీ సర్చికొచ్చే ఆవిణ్ణి ఎనకేసుకొత్తన్నావని అందరికీ తెలుసులే.”

తిమోతి లేచి, టీ తాగకుండానే ఆటో స్టార్ట్ చేశాడు.

తలుపులమ్మ లోపలికెళ్ళి గుడ్ల అట్టలన్నీ తిరగేసి చూసింది. అక్కడేమీ ఉండదని తెలుసు. అయినా చూసింది. తమ ఇంట్లో తనే దొంగలా వెతుక్కోవడం చూసి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అని అడిగితే తనకే తెలీదు. వెంకటరమణ మీదో, నోరెత్తని హెడ్మాస్టర్ మీదో, అందరికంటే ముందు కాగితంలో గుడ్డు పట్టుకుని పరుగెత్తిన తన మీదో.

మరుసటి రోజు స్వర్ణకుమారిని కొన్నాళ్ళు రావద్దన్నారు. పొయ్యి దగ్గర కుమారి నిలబడింది. “ఆవిణ్ణి తియ్యలేదమ్మా, ఆపేం అంతే,” అన్నాడు దేవీప్రసాద్, తలుపులమ్మ గేటు దగ్గర అడిగితే. “నేను సూసి లేవన్నాను కదా సార్?” అంటే, “నువ్వు చెప్పిందీ రాశాం. అనుమానం ఉన్నప్పుడు జాగ్రత్త పడాలి కదా. పిల్లలమ్మా, పిల్లలు,” అన్నాడు. ఆ పిల్లలన్న మాట దగ్గర ఆమె ఎప్పట్లాగే ఆగిపోయింది.

పొదుగు కదిలింది ఆ మర్నాడు. గంపలోంచి కీచుకీచుమని వినపడగానే అప్పలకొండమ్మ కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. పెట్టని రెండు చేతులతో మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, తడి ఆరని పిల్లల్ని ఒక్కొక్కటీ చేటలోకి తీసింది. మిగిలిపోయిన గుడ్లు ఊకలోంచి ఏరుతూ, “ఒలే తలుపులూ,” అని పిలిచింది. “నా పెట్ట నాటుదే. తెల్ల గుడ్డు ఎప్పుడెట్టిందే?”

తలుపులమ్మ చేతిలో పాలగిన్నె ఉంది. అత్త అరచేతిలో, గోధుమరంగు గుడ్ల మధ్య, తెల్లగా నునుపుగా ఒక గుడ్డు. మీద నీలం ముద్ర, పెట్ట ఒంటి వేడికి కొంచెం అలుక్కుపోయి.

గిన్నె గచ్చు మీద పెట్టేసింది. లోహిత్ చేట దగ్గర చతికిలబడి కోడిపిల్లని చూస్తున్నాడు. అమ్మ నీడ మీద పడేసరికి మొహం దాచుకున్నాడు.

“రెండెట్టేను,” అన్నాడు మోకాళ్ళలోంచి. “బళ్ళోయి. ఒకటి పెట్ట తోసీసింది. నాన్నమ్మ తిడతాదని బేగులో ఏసేను. మరి ఆకలేసింది.”

“ఉడకబెట్టిన గుడ్డు పిల్లవుతాదేట్రా!” అంది అప్పలకొండమ్మ. నవ్వబోయి, కోడలి మొహం చూసి ఊరుకుంది.

“నేనడిగితే బళ్ళో గుడ్డన్నావు కదా!”

“బళ్ళోదే కదమ్మా.”

తలుపులమ్మ కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వాడు చెప్పింది నిజమే. వాణ్ణి తనేం అడిగింది? సొర్ణత్త పెట్టిందేనా అంది. పెట్టింది, ఆ వారం పెట్టింది. ఎప్పుడు తెచ్చేవు, ఎక్కడుంచేవు అని ఒక్క మాట అడగలేదు. కావలసిన జవాబు చేతిలో పట్టుకుని, వాడి చేత తలూపించుకుంది. పరాయి ఇంట్లో ఎలకల బోను దాకా వెతికి, తన వాకిట్లో గంప వైపు చూడలేదు.

గుడ్డు కొంగులో పెట్టుకుని ముందు స్కూలుకి పోయింది. దేవీప్రసాద్ రెండుసార్లు విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇప్పుడా చెప్పడం? పైకి రాసి పంపేశామమ్మా. మళ్ళీ కాదని రాస్తే, మరి ముందెందుకు రాశారంటారు. చైర్మన్‌గారితో మాట్లాడు.”

వెంకటరమణ తన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. గుడ్డు వైపు చూశాడు గానీ చేతిలోకి తీసుకోలేదు. “సరేలే. ఇదొక్కటీ కాకపోతే ఇంకోటేదో ఉండే ఉంటాది. ఆవిడ మీద ఇదివరకే మాటలున్నాయి.”

“ఏ మాటలు బాబాయ్?”

“ఉన్నాయమ్మా. నీకెందుకు? అయినా కుమారి బాగానే వండుతంది కదా. పిల్లలు తింటన్నారు. కదిపితే నీ కొడుకు పేరే బయటికొత్తాది. ఆలోచించుకో.” పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు వెనక పేజీలో కూలిన కొండ బొమ్మ ఉంది.

నీ కొడుకు పేరు. ఆ మాట దారి పొడుగునా ఆమె కాళ్ళకి అడ్డం పడింది. రేపు బళ్ళో పిల్లలు వాణ్ణి గుడ్లదొంగ అంటే? వాడు బడికెళ్ళనంటే? ఇంటి మలుపు దగ్గర కాసేపు నిలబడింది. తరవాత ఇంటివైపు కాకుండా స్వర్ణకుమారి సందులోకి తిరిగింది.

స్వర్ణకుమారి గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తలుపులమ్మ కొంగు విప్పి గుడ్డు చూపించి, జరిగింది మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఏడ్చింది కూడా. స్వర్ణకుమారి గుడ్డుని అందుకుంది. అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ముద్రని బొటనవేలితో రుద్ది చూసింది. తిరిగి తలుపులమ్మ చేతిలో పెట్టేసింది.

“పిల్లలయ్యేయా మరి?” అంది.

“అయ్యేయక్కా.”

“మంచిదే.” చింతపండు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “నా ఇల్లు ఎతకడానికి నలుగురొచ్చేరు తలుపులూ. సందులో అందరూ సూసేరు. లేదని సెప్పడానికి ఒక్కదానివొచ్చేవు.”

తలుపులమ్మకి ఇంక ఏడుపు రాలేదు.

పొద్దున్న కొట్టు ఎప్పటిలాగే తెరిచారు. ఇడ్లీ ఆవిరి, టీవీ గోల. స్కూలు గంటకి ముందు దేవీప్రసాద్ టీకి వచ్చాడు. వెంకటరమణ అప్పటికే బల్ల మీదున్నాడు. కూరగాయల సంచీతో స్కూలుకి పోతున్న కుమారి, పచ్చిమిర్చి అప్పడగడానికి ఆగింది. తిమోతి ఆటోలోంచే చెయ్యి చాపి గ్లాసు అడిగాడు.

తలుపులమ్మ పొయ్యి ఆర్పేసింది.

“ఏటయ్యింది? గేసు అయిపోయిందా?” అన్నాడు వెంకటరమణ.

“లేదు బాబాయ్. టీ లేదివాళ.” టీవీ కూడా కట్టేసింది. అవతలి పొయ్యి మీద ఇడ్లీ కుక్కర్ బుసబుసలు వినపడ్డాయి. గుడ్డుని తీసి బల్ల మధ్యన, చక్కెర డబ్బా పక్కన పెట్టింది. “ఇది మా పెట్ట కింద దొరికింది. మా లోహిత్ పెట్టేడు. మొన్న తిన్నదీ దీని జతదే. సొర్ణక్క ఏ పాపం ఎరగదు. సారుకి సెప్పేను, బాబాయ్‌కి సెప్పేను. ఇప్పుడందరికీ సెప్తన్నాను. ఆ రోజు ఎతకడానికి ఎల్లినోలం నలుగురం ఇక్కడే ఉన్నాం. పదండి. ఆ ఇంటికే ఎల్లి, ఆ గుమ్మంలోనే సెప్పాల.”

త్రినాధరావు ఇడ్లీ గుడ్డ భుజాన వేసుకుని వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. “మావా, ఏనుగు లేదంట. లెగు,” అన్నాడు తిమోతి.

“నేను సైర్మన్ని,” అన్నాడు వెంకటరమణ. “వంటావిడ ఇంటికెల్లి సెప్పుకోడవేటి?”

“ఎతకడానికెల్లినప్పుడు కూడా సైర్మన్నే కద బాబాయ్,” అంది తలుపులమ్మ.

దేవీప్రసాద్ గుడ్డు మీద ముద్రని చూస్తున్నాడు. జేబురుమాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. హెడ్మాస్టర్ లేచాక కుమారికి ఏం చెయ్యాలో తోచలేదు. బావగారి వైపు చూసింది. ఆయన ఆరిపోయిన టీవీ వైపు చూస్తున్నాడు. సంచీ చంకన పెట్టుకుని ఆవిడా కదిలింది.

సందులో వాళ్ళని చూసి రెండు మూడు గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూశారు. మళ్ళీ వెతకడానికే అనుకున్నారు. తలుపులమ్మ ఆగలేదు. స్వర్ణకుమారి తలుపు తీసింది. తలుపులమ్మ భుజం మీంచి వెనకున్నవాళ్ళని ఒకరి తరవాత ఒకరిని చూసింది. దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. “పొరపాటు జరిగిందమ్మా. నీ తప్పేమీ లేదు. రేపణ్ణించి నువ్వే...”

“ఎంకటరమణ గారేరీ?” అందావిడ.

“ఆయన... కొట్టు దగ్గరున్నారు.”

స్వర్ణకుమారి తలుపు రెండో రెక్క కూడా తీసి గోడకి ఆనించింది. మంచం మీద పరుపు సర్దింది. కుమారికి పీట వేసింది.

“అయితే రండి, కూకోండి,” అంది. “ఆయనొచ్చినదాకా కూకుందాం.”

దేవీప్రసాద్ మంచం అంచున కూర్చున్నాడు. కుమారి సంచీ ఒళ్ళో పెట్టుకుంది. సంచీలోంచి ములక్కాడలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవతల స్కూల్లో మొదటి గంట కొట్టారు. “సార్, పప్పు నానెయ్యాల,” అంది కుమారి గొణుగుతూ. ఆయన స్వర్ణకుమారి వైపు చూశాడు. ఆవిడ చింతపండు పళ్ళెం ముందుకి లాక్కుని, కొన్ని కాయలు తీసి తలుపులమ్మ ముందు పెట్టింది.

తలుపులమ్మ కింద కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి దేవీప్రసాద్ జేబులోంచి ఫోన్ తీసి, వెంకటరమణ నెంబరు నొక్కాడు.